కాగితం ఉందా?

కాలేజీ వదిలి ఇన్నేళ్లయినా, యూనియన్ కుర్రాళ్లు వచ్చి సావనీరుకి ఏదైనా రాసివ్వమంటే కాదనలేకపోయాను. "హాస్టల్ జ్ఞాపకాలు రాయండి సార్" అన్నారు. హాస్టల్ సాంబారు గురించి నాకన్నా బాగా రాయగలవాళ్లు ఈ సంచికలోనే ఇద్దరు ముగ్గురుంటారు. నేను మన లైబ్రరీలో నిలబడి చదివిన ఒక నిఘంటువు గురించి రాస్తాను.

ఇది మాటల నిఘంటువు కాదు, మనుషుల నిఘంటువు. 1600 నుంచి 1840 దాకా బ్రిటన్‌లో పనిచేసిన వాస్తుశిల్పుల జీవితాలు, వాళ్ల కట్టడాల జాబితాలు, అక్షరక్రమంలో. రాసినాయన హోవర్డ్ కాల్విన్. ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీ ఫెలో, చరిత్రకారుడు. 1954లో మొదటిసారి అచ్చయినప్పుడు 1660 నుంచి మొదలై, ఇంగ్లీషు వాస్తుశిల్పుల వరకే ఉండేది. 1978 ముద్రణలో స్కాట్లండును కూడా కలుపుకుని 1600 దాకా వెనక్కి వెళ్లింది.

దాని దగ్గరికి నేను విద్యాదాహంతో వెళ్లలేదు, చీవాట్లు తిని వెళ్లాను. ఎం.ఏ.లో క్రామ్‌వెల్ కాలం మీద సెమినార్. ఆనాటి ప్రధాన న్యాయమూర్తుల్లో ఒకడైన ఆలివర్ సెయింట్ జాన్ పీటర్‌బరో దగ్గర 1650ల్లో థార్ప్ హాల్ అనే పెద్ద భవంతి కట్టించుకున్నాడు. ఏదో పాత పుస్తకంలో చూసి, ఇది ఇనిగో జోన్స్ శిష్యుడు జాన్ వెబ్ ప్రతిభకి తార్కాణమని ఒక పేరా దంచేశాను. మా మాస్టారు కళ్లజోడు తీసి, "కాగితం ఉందా?" అన్నారు. నాకర్థం కాలేదు. "వెబ్ కట్టాడనడానికి కాగితం ఉందా అంటున్నానోయ్. పైకెళ్లి కాల్విన్ చూసిరా."

చూశాను. థార్ప్ హాల్ వెబ్‌ది కాదు, పీటర్ మిల్స్‌ది. రాతిపనివాళ్లతో రాసుకున్న ఒప్పందంలో ఆయన పేరుంది. ఎవరీ మిల్స్? లండన్ నగరానికి ఇటుకపని మేస్త్రీ! ఒక దర్జీ కొడుకు. 1666లో లండన్ తగలబడ్డాక, నగరాన్ని మళ్లీ కట్టడానికి నియమించిన సర్వేయర్లలో ఒకడు. ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో!

మన వైపు ప్రతి పాత చెరువూ, గుడీ రాయలవారి ఖాతాలో పడ్డట్టే, అక్కడా కాస్త అందంగా ఉన్న ప్రతి ఇల్లూ ఇనిగో జోన్స్‌కో, క్రిస్టఫర్ రెన్‌కో జమయ్యేది. కాల్విన్ ఆ మాటలు నమ్మలేదు. జమీందార్ల ఇళ్లలో మూలపడిన జమాఖర్చులు, ఒప్పందాలు, ఉత్తరాలు తిరగేశాడు. సున్నం ఎవరు కొన్నారు, కూలి ఎవరికిచ్చారు, నక్షా గీసినందుకు ఎవరికి ముట్టింది, ఇవీ ఆయన వేసిన ప్రశ్నలు. అలా చూస్తే పెద్ద పేర్ల కింద నుంచి మేస్త్రీలు, వడ్రంగులు లేచి వచ్చారు. ఆ కాలంలో వాస్తుశిల్పి అంటే పట్టా ఉన్నవాడని కాదులెండి. రెన్ ఖగోళశాస్త్రం ప్రొఫెసర్, వాన్‌బ్రూ నాటకాలు రాసిన సైనికుడు, హాక్స్‌మూర్ రెన్ దగ్గర గుమాస్తాగా మొదలైనవాడు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. మా నాన్న తాపీమేస్త్రీ. కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎవరితోనూ అనలేదు. అడిగితే "కంట్రాక్టు పనులు" అనేవాణ్ణి. నాన్నకి చదువు అంతంత మాత్రమే గానీ, ప్రతి పనికీ చిట్టా రాసేవాడు. ఇటుకలెన్ని, గానుగసున్నం ఎన్ని బళ్లు, ఆ రోజు ఎవరెవరు పనిలోకొచ్చారు, అన్నీ.

ఆ సెలవులకి ఇంటికెళ్లగానే అటక ఎక్కాను.

"ఆ పుస్తకాలేవి నాన్నా?"

"ఏ పుస్తకాల్రా?"

"నువ్వు పని లెక్కలు రాసుకునేవి."

నాన్న బీడీ ఆర్పి నావంక చూశాడు. "నువ్వే కదట్రా కాటా వేయించావు."

నిజమే. పి.యు.సి. చదివేటప్పుడు సినిమా డబ్బులకోసం కిరాణాకొట్టు షావుకారుకి పొట్లాలకి అమ్మేశాను. ఇరవయ్యేళ్ల లెక్కలు మా ఊళ్లోనే చింతపండు చుట్టుకుని ఇంటింటికీ వెళ్లిపోయాయి. నాన్న ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కాల్విన్ తన పుస్తకాన్ని యాభై ఏళ్లకు పైగా దిద్దుతూనే ఉన్నాడు. రుజువు నిలవకపోతే తన పాత మాట తనే కొట్టేసేవాడు. 1995లో మూడో ముద్రణ వచ్చింది. నాలుగోదానికి పని ముగించి 2007 డిసెంబరులో పోయాడు, పుస్తకం 2008లో వచ్చింది.

మా ఇంట్లో ఒక్క చిట్టా మిగిలింది. సున్నపు నీళ్లు పడి పేజీలు అంటుకుపోయాయని షావుకారు వద్దన్నది. బ్లేడుతో విడదీస్తే పదకొండు పేజీలొచ్చాయి. మార్కెట్ గోదాము పడమటి గోడ. ఆ గోడ మీది శిలాఫలకంలో ప్రారంభించినవారి పేరుంది, కంట్రాక్టరు పేరుంది. చిట్టాలో తొమ్మిదిమంది కూలీల పేర్లున్నాయి, నలుగురు ఆడవాళ్లు.

నాన్నకి చదివి వినిపించాను. అన్నీ విని, "ఆ రాత్రి వానొచ్చి సగం గోడ కూలింది. తెల్లారి మళ్లీ లేపాం. అది రాశానా?" అన్నాడు.

రాయలేదు. మార్జిన్‌లో పెన్సిలుతో నేను రాసి, నాన్న చెప్పగా అని వేసి, ఆనాటి తేదీ పెట్టాను.