పుట్ట లేని చోట పుట్టగొడుగు

ఈసారి పోస్టు జీతాల గురించి కాదు, వీసాల గురించీ కాదు. పుట్టగొడుగుల గురించి. నవ్వకండి. పోయిన ఆగస్టులో మా రూమ్‌లో ఒక కుర్రోడు చావు భయం చూశాడు, అందుకే రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టు, ఆదివారం తీరిగ్గా చదవండి.

మేము నలుగురం జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర ఒకే ఇంట్లో ఉంటాం. ముగ్గురిది శ్రీకాకుళం జిల్లా, ఒకరిది ఖమ్మం వైపు. చిన్నప్పుడు వాన పడి ఉరిమిందంటే చాలు, తెల్లారకముందే తోటల్లోకి పరిగెత్తేవాళ్లం. చెదల పుట్టల దగ్గర తెల్లగా లేచేవి. అమ్మ మట్టి కడిగి ఉల్లిపాయ, కారం వేసి వండితే ఆ రోజు ఇంట్లో మాంసం కూర ఉన్నట్టే. ఇక్కడ న్యూఆర్క్ అవెన్యూ కొట్లలో గోంగూర దొరుకుద్ది, మునక్కాయ దొరుకుద్ది, ఆ పుట్టగొడుగు మాత్రం దొరకదు. డబ్బాలో అమ్మే బటన్ మష్రూమ్‌కి ఆ రుచి ఎక్కడిది?

ఆ శనివారం రాత్రి ఉరుములతో పెద్ద వాన. ఆదివారం పొద్దున్నే మాలో చిన్నోడు బయట నడిచొస్తూ సంచి నిండా తెచ్చాడు. గడ్డిలో గుండ్రంగా వరస కట్టి లేచాయట. తెల్లటి గొడుగులు, ఒక్కోటి అరచెయ్యంత. "అన్నా, మన ఊరివే కదా?" అన్నాడు. చేతిలోకి తీసుకున్నాం, వాసన చూశాం. "మనవే రా, వండు" అన్నాం. ఆ మాట అన్నది మాలో పెద్దోడు, రోజూ సైట్‌లో పదిమందికి సేఫ్టీ పాఠం చెప్పేవాడు. ఎవరో మీకు తెలుసు.

మిగతా వాళ్లం బట్టలు ఉతికే షాపుకి వెళ్లాం, వచ్చాక తిందామని. చిన్నోడు ఆకలేసి పన్నెండింటికి తినేశాడు. మేం వచ్చేసరికి రెండు దాటింది. బాత్రూమ్ దగ్గర కూలబడి ఉన్నాడు. వాంతులు, విరేచనాలు ఆగట్లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. వాడు అన్న మొదటి మాట ఏంటో తెలుసా? "అంబులెన్స్ వద్దన్నా, బిల్లు కట్టలేను."

సిగ్గు లేకుండా చెబుతున్నాం, మేము కూడా కాసేపు ఆగాం. మజ్జిగ ఇద్దాం, తగ్గుద్దిలే అనుకున్నాం. మనందరికీ ఉన్న జబ్బే ఇది. చివరికి ఖమ్మం తమ్ముడికి సైట్ ఆఫీసు గోడ మీది నంబరు గుర్తొచ్చింది: 1-800-222-1222. విషం తిన్నా, మింగినా, పీల్చినా చెయ్యాల్సిన నంబరు. న్యూజెర్సీ నుంచి చేస్తే న్యూఆర్క్‌లో రట్గర్స్ మెడికల్ స్కూల్‌లో ఉన్న సెంటరుకి పోద్ది. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు. ఇంగ్లిష్ రాకపోతే మన భాష మాట్లాడే మనిషిని లైన్‌లోకి అడగొచ్చు.

ఆవిడ మమ్మల్ని కాగితాల సంగతి అడగలేదు. ఎన్నింటికి తిన్నాడు? వాంతి ఎన్నింటికి మొదలైంది? ఇంకెవరైనా తిన్నారా? వండనివి మిగిలాయా? పై నుంచి, కింద నుంచి, కాడ అడుగు కనపడేలా ఫోటోలు తియ్యండి, తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి అంది. వెళ్లాం. సెలైన్ ఎక్కించారు, లివర్‌కి రక్తపరీక్షలు చేశారు. మర్నాడు సాయంత్రానికి మనిషి ఇంటికొచ్చాడు.

వాడు తిన్నదాని పేరు గ్రీన్ స్పోర్డ్ పారసోల్ అని చెప్పారు. ఆకుపచ్చ పొడి రాల్చే గొడుగు అన్నమాట. అమెరికాలో జనం పొరపాటున తిని జబ్బు పడే పుట్టగొడుగుల్లో ఇదే ముందుంటుంది. ఎండాకాలం చివర వాన పడితే ఇళ్ల ముందు గడ్డిలోనే లేస్తుంది. ఆ తర్వాత మేము నెల రోజులు ఇదే చదివాం. పదో తరగతి చదువుకి అర్థమైనంత మీకూ చెబుతున్నాం.

ముందు పెద్ద విషయం. మనం ఊళ్లో తిన్న అసలు పుట్టగొడుగుని చెదలే పెంచుతాయి. పుట్ట లోపల అవి సాగు చేసుకునే బూజు నుంచే అది పైకి లేస్తుంది. అలా బూజు పెంచే చెదలు ఆఫ్రికాలో, ఆసియాలోనే ఉన్నాయి, అమెరికా నేలలో లేవు. అంటే ఇక్కడ గడ్డిలో కనపడింది ఏదైనా సరే, మన పుట్టగొడుగు మాత్రం కాదు. ఈ ఒక్క ముక్క మాకు ముందే తెలిస్తే వాడు ఆ రోజు అంత పడేవాడు కాదు.

ఇంక గుర్తులు. మనది గొడుగు నడిమధ్యలో మొనలాగా పొడుచుకొచ్చి ఉంటుంది. వాడు తెచ్చినదాని మీద గోధుమరంగు పొలుసులు ఉన్నాయి. గొడుగు తిప్పితే కింద చేప మొప్పల్లాంటి మడతలుంటాయి. మనవాటికి తెల్లగా ఉండి తర్వాత లేత గులాబీకి తిరుగుతాయి. దీనికి లేతప్పుడు తెల్లగానే ఉండి, ముదిరాక ఆకుపచ్చకి తిరుగుతాయి. మోసం అక్కడే, వాడు లేతవి ఏరుకొచ్చాడు. కాడకి ఉంగరం ఉంది, వేలి ఉంగరంలా పైకీ కిందకీ జరుగుతుంది. మన పుట్టగొడుగుల్లో చాలావాటికి ఆ ఉంగరం ఉండదు. మనదాని కాడ వేరులాగా సన్నగా, పొడుగ్గా పుట్ట లోపలికి దిగిపోతుంది. దీనికి అదీ లేదు.

రంగు తేల్చుకోవాలంటే కాడ తీసేసి గొడుగుని తెల్ల కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున్నకి కాగితం మీద పొడి రాలి ఉంటుంది. చెత్తబుట్టలో మిగిలిన ఒకదాన్ని మేం అలా పెట్టాం. పచ్చటి ముద్ర పడింది. అది చూసి చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఇంతకన్నా ఘోరమైంది ఇంకోటుంది. ఇంగ్లిష్‌లో డిస్ట్రాయింగ్ ఏంజెల్ అంటారు. చెట్ల కింద లేస్తుంది, పాలలాగా తెలుపు. కాడకి ఉంగరం, అడుగున మట్టిలో గుడ్డు పెంకు లాంటి సంచి ఉంటాయి. పైన కోస్తే ఆ సంచి మట్టిలోనే ఉండిపోద్ది, కనపడదు. డెత్ క్యాప్ అని దీని చుట్టం ఒకటి. మన వరిగడ్డి పుట్టగొడుగుకీ అడుగున సంచి ఉంటుంది కానీ ఉంగరం ఉండదు, మడతలు గులాబీకి తిరుగుతాయి. ఆసియా నుంచి వచ్చినవాళ్లు డెత్ క్యాప్‌ని అదే అనుకుని వండుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లూ మనలాగే "మా ఊరిదే" అనుకున్నవాళ్లే. వీటి విషం వెంటనే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వాంతులు మొదలవుతాయి. తర్వాత తగ్గినట్టు అనిపిస్తుంది. అప్పటికే లోపల లివర్ పాడవుతూ ఉంటుంది. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. వెండి నల్లబడితేనే విషం, పురుగు తింటే మంచిది, వెల్లుల్లి రంగు మారుద్ది, ఇవన్నీ నమ్మొద్దు.

ఇన్ని గుర్తులు రాశాం కదా అని రేపు సంచి పట్టుకుని బయలుదేరకండి. పునాది చూడకుండా గోడ రంగు చూసి బిల్డింగ్ ఓకే అనం కదా. మేము అదే చేశాం. ఇవి ఏరుకుని తినడానికి రాయలేదు, తినకుండా ఉండడానికి రాశాం.

ఎవరైనా తిన్నారనుకోండి, వాంతి అయ్యేదాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చెయ్యండి. మనిషి పడిపోయినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా 911. మిగిలిన ముక్క పారెయ్యకండి. బిల్లు భయం అందరికీ ఉంది. కానీ 1986 నాటి ఫెడరల్ చట్టం ఉంది: ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బు లేదని వెనక్కి పంపకూడదు. ఆదాయం తక్కువున్నవాళ్లు చారిటీ కేర్ ఫారం ఎక్కడని ఆసుపత్రిలోనే అడగండి. మేము అడిగాం.

చిన్నోడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ రోజు సాయంత్రం ఆసుపత్రిలో పడుకుని వాడు వాళ్లమ్మకి వీడియో కాల్ చేశాడు, సెలైన్ కనపడకుండా ఫోన్ పైకి పట్టుకుని. "ఏం తిన్నావు నాన్నా?" అని అడిగింది ఆవిడ. "పుట్టగొడుగు కూర అమ్మా, అన్న చూసి చెప్పాడు" అన్నాడు. ఆవిడ సంతోషపడింది. మేము పక్కనే నిలబడి ఉన్నాం.

ఆ నంబరు ఫోన్‌లో వేసుకోండి. మీ రూమ్ గ్రూపుల్లో పెట్టండి. ఉంటాం.