చైత్రంలో తుమ్మెదకు ఏముంది?

గుంటూరు నుంచి పేరేచర్ల, మేడికొండూరు దాటి సత్తెనపల్లి వైపు వెళ్తుంటే ఉగాది రోజుల్లో ప్రధానంగా రెండు రంగులు కంటపడతాయి. ఒకటి కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు, రెండోది దున్ని వదిలేసిన రేగడి నలుపు. పత్తి తీతలు ముగిశాయి, కట్టె పీకి గట్ల మీద పోగులు పెట్టారు. మిరప చేలు ఆఖరి కోతకు వచ్చి నీరసించి ఉన్నాయి. నేను ఇక్కడికి వచ్చింది పూలు చూడటానికి. వసంతంలో పూల మొక్కలు పెంచితే తేనెటీగలూ తుమ్మెదలూ సీతాకోకచిలుకలూ బతుకుతాయన్న సలహా ఇప్పుడు ఊరూరా వినిపిస్తోంది. ఆ సలహా పుట్టింది చలి దేశాల్లో. అక్కడ మంచు కరిగాక నేల మేల్కొంటుంది, పూలతో పాటే పురుగూ లేస్తుంది. పల్నాడులో వసంతం అలా రాదు. చైత్రం నడిమికి వచ్చేసరికి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. రాష్ట్రంలో ఎండ ఎక్కువగా కాసే ఊళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపించే రెంటచింతల ఈ పల్నాడులోనిదే. కాబట్టి ఆ సలహాను ఇక్కడి నేలకు, ఇక్కడి పంటల వరుసకు తగ్గట్టు మళ్లీ ఆలోచించుకోవాలి. ఈ చేలన్నీ తిరిగి చూశాక నాకు తోచింది ఇదీ: సత్తెనపల్లి చుట్టూ పూల మొక్క విలువను అది ఎంత అందంగా పూస్తుందన్న దాన్ని బట్టి కట్టకూడదు. చేలల్లో పూత ఆగిపోయిన నెలల్లో అది పూస్తోందా, మందు తగలని చోట పూస్తోందా అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి కట్టాలి.

ఏడాది పొడవునా ఈ మైదానంలో ఏది ఎప్పుడు పూస్తుందో వరుస పెట్టి చూస్తే ఈ మాట తేటపడుతుంది. తొలకరికి విత్తిన పత్తి భాద్రపదం, ఆశ్వయుజాలకు నిండా పూస్తుంది. పత్తి పువ్వు పొద్దున లేత పసుపుగా విచ్చుకుని మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది, తేనెటీగకు పనికొచ్చేది ఆ మొదటి రోజే. తర్వాత మిరప పూత మొదలై కోతల దాకా విడతలు విడతలుగా సాగుతుంది. మార్గశిరం, పుష్యాల్లో కంది, నల్లరేగడిలో వేసిన ధనియాలు, మాఘంలో మామిడి, మునగ. ఇంతవరకు పురుగుకు లోటు లేదు. ఫాల్గుణం దాటితే ఆ వరుస ఒక్కసారిగా తెగుతుంది. అక్కడక్కడా వేసవి నువ్వులు వేసిన చెక్కలు తప్ప వేల ఎకరాల్లో పువ్వన్నది లేదు. నాగార్జునసాగర్ కాలువ కూడా ఆ నెలల్లో కట్టేస్తారు. కుడి కాలువకు 1967 ఆగస్టులో నీళ్లు వదిలాక ఈ ప్రాంతపు సాగు స్వరూపమే మారిపోయింది. జొన్న, వరిగ, కంది, ఆముదం, అలసంద కలిసి పెరిగిన చోట్ల ఒకటి రెండు పంటలే ఎల్లలు లేకుండా పరుచుకున్నాయి. ఒకే పంట పరుచుకున్నప్పుడు పూత కూడా ఒకేసారి వస్తుంది, ఒకేసారి పోతుంది. తేనెటీగల తుట్టె ఒకటి రెండు నెలలు విందు తిని మూడు నెలలు పస్తుండలేదు. కొండ తేనెటీగలైతే గుంపుగా వలస పోగలవు. కుట్టని చిన్న తేనెటీగలు, మట్టిలో ఒంటరిగా గూడు కట్టుకునే తేనెటీగలు గూటి నుంచి ఎంతో దూరం పోలేవు, కొన్ని వందల మీటర్ల మేరలోనే వాటి బతుకు.

ఆ కరువు నెలల్ని ఇప్పటికి మోస్తున్నవి చెట్లు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎందుకన్న దానికి ఎన్ని అర్థాలైనా చెప్పుకుంటాం. తేనెటీగ వైపు నుంచి చూస్తే ఆ రోజుల్లో ఇంత పూత ఒక్కచోట దొరికేది వేప దగ్గరే. దాని వెనకే కానుగ. కాలువ గట్ల మీదా రోడ్ల పక్కనా కానుగ కింద నేలంతా ఊదా, తెలుపు కలిసిన పూరేకులతో కప్పుకుపోతుంది, పైన కొమ్మల్లో ఝుంకారం ఆగదు. జిల్లేడు ఎండకు వెరవకుండా పూస్తూనే ఉంటుంది. దాని గట్టి పువ్వులోంచి పుప్పొడి ముద్దను లాగగలిగే బలం ప్రధానంగా నల్లని పెద్ద తుమ్మెదకే ఉంది, జిల్లేడు సంతానం చాలా వరకు ఆ తుమ్మెద మీదే ఆధారపడింది. పనికిరాని మొక్క అంటూ గట్టు మీద జిల్లేడు కొట్టేసిన చోట తుమ్మెదకు వేసవి బత్తెం పోయినట్టే. సర్కారు తుమ్మ మీద నాకు ఏ ప్రేమా లేదు, అది నేలను ఆక్రమించి మిగతా మొక్కల్ని బతకనివ్వదు. అయినా ఈ కాలంలో దాని కంకుల మీదా తేనెటీగలు మూగుతున్నాయన్నది నిజం. ఆ నిజం మిగిలిన మేత ఎంత పలచబడిందో చెబుతోంది.

ఇక్కడే మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. పత్తి, మిరప తమ పుప్పొడితో తామే కాయ కట్టగలవు, అలాంటప్పుడు తేనెటీగ లేకపోతే రైతుకు పోయేదేమిటి? ఇది తేలిగ్గా తీసేయదగ్గ మాట కాదు. ఆ రెండు పంటలూ నిజంగానే పురుగు లేకుండా కాపు ఇవ్వగలవు. కానీ పత్తి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. మిరపలోనూ పరాగం పూవు నుంచి పూవుకు కొంత పురుగుల వల్లే చేరుతుంది. మేలు ఉంది, అయితే అది అదనపు మేలు. అసలు లెక్క ఇంకోచోట ఉంది. బీర, సొర, దోస, కాకర, గుమ్మడికి మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. మధ్యలో పురుగు తిరగకపోతే పిందె పండి రాలిపోతుంది, ఎంత ఎరువు వేసినా నిలవదు. పొద్దుతిరుగుడు, ధనియాలు, మునగ, మామిడి అన్నింటికీ పురుగు రాకతో కాపు పెరుగుతుంది. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఎంతో కొంత ఇలాంటి జీవుల మీద ఆధారపడ్డాయని 2007లో వచ్చిన పరిశీలన తేల్చింది. పత్తి రైతు ఇంట్లో కూర కూడా ఆ మూడు వంతుల్లోదే. పైగా మకరందం తాగేది తేనెటీగ ఒక్కటే కాదు. శనగపచ్చ పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా కందిరీగకు, అల్లిక రెక్కల పురుగుకు కూడా పెద్దయ్యాక పూల తేనే బలం. పూత లేని వేసవిలో ఇవీ తగ్గిపోతాయి, తొలకరిలో పురుగు ముందు లేస్తుంది, దాని శత్రువు వెనకబడుతుంది.

రెండో అభ్యంతరం మొదటి దానికంటే బరువైనది, దాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయలేను. ఇది మందు నేల. 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని ఊడ్చేసినప్పుడు కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టారు. మందు దోమను చంపలేకపోయింది, దోమను తినే జీవుల్ని చంపింది. అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్న రైతుల కథ అక్కడే మొదలైంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చింది. ఆకును ముడిచే పాత తామర పురుగులా కాకుండా ఇది నేరుగా మిరప పూవులోనే గుంపుగా చేరి పూతను రాల్చింది. పూత రాలుతుంటే చూస్తూ ఊరుకోలేక పగలనక సాయంత్రమనక స్ప్రే చేసిన రైతును తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ పురుగు దాక్కున్నది పువ్వులోనే కాబట్టి మందు పడిందీ పువ్వులోనే, తేనెటీగ మూతి పెట్టేదీ అక్కడే. బీటీ పత్తి విత్తనం సాధారణంగా ఇమిడాక్లోప్రిడ్ పట్టించుకుని రంగు పూసుకుని వస్తుంది. ఇది మొక్క రసంలోకి ఎక్కే రకం మందు. ఈ కుటుంబానికే చెందిన మూడు మందులను ఆరుబయట పొలాల్లో వాడకూడదని యూరప్ దేశాల సమాఖ్య 2018లో నిషేధించింది, కారణం తేనెటీగలే. ఇలాంటి నేలలో మిరప చేను గట్టు మీద పూల మొక్కలు పెట్టడమంటే పురుగును విందుకు పిలిచి విషం పెట్టడం కాదా అని అడిగితే, మందు కొట్టే చేను గట్టు విషయంలో అవుననే చెప్పాలి.

అందుకే పూలు ఎక్కడ పెట్టాలన్నది ఏ పూలు పెట్టాలన్న దానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి. చేను చుట్టూ వేసే బంతి, ఆముదం వరుసలను వ్యవసాయ శాఖ చాలాకాలంగా చెబుతూనే ఉంది. బంతి మీద శనగపచ్చ పురుగు గుడ్లు పెడుతుంది, ఆముదం మీద పొగాకు లద్దె పురుగు పెడుతుంది, ఆ గుడ్లున్న ఆకుల్నీ పూలనూ గిల్లేస్తే సరిపోతుంది. అవి ఎర పంటలు. వాటి పని వేరు, వాటిని తేనెటీగల తోట అని పొరబడకూడదు. మేత తోటకు తగిన చోట్లు ఇంటి పెరడు, బడి ఆవరణ, గుడి తోట, ఊరి చెరువు కట్ట, కాలువ గట్టు. మిరప, పత్తికి మందు కొట్టే కాలం ప్రధానంగా ఆశ్వయుజం నుంచి మాఘం దాకా నడుస్తుంది. చైత్ర, వైశాఖాల్లో చేలు ఖాళీ కాబట్టి స్ప్రేయర్ల మోత కూడా తగ్గుతుంది. పురుగుకు ఆకలి ఎక్కువైన కాలమూ, విషం తక్కువైన కాలమూ ఒకటే కావడం ఈ మైదానానికి దొరికిన అదృష్టం. వసంతపు పూలతోట వాదం ఇక్కడ నిలబడేది ఈ కారణం చేతనే.

పెరళ్లను చూస్తే ఊళ్లో పూలకు లోటేమీ కనిపించదు. గుమ్మం గుమ్మానికీ కుండీలు, మల్లె పందిళ్లు, కనకాంబరం మడులు. కానీ మన పూల మొక్కల ఎంపిక దేవుడి కోసం, జడ కోసం జరిగింది. మల్లెను మొగ్గగానే కోసేస్తాం, అది పువ్వై పురుగుకు పెట్టే అవకాశమే లేదు. ముద్దబంతి రేకుల మీద రేకులు పేర్చుకుని ఉంటుంది, పుప్పొడికి, తేనెకు కావాల్సిన భాగాలే రేకులుగా మారిపోయాయి, ఉన్న కొంచెమూ లోపల మూతపడింది. ముద్ద మందారం, ముద్ద నందివర్ధనం సంగతీ అంతే. అదే బంతిలో ఒంటి రెక్క రకం నడుమ తెరిచిన పళ్లెంలా ఉంటుంది, పురుగు నేరుగా దిగుతుంది. దేవుడికి ముద్దబంతి ఇవ్వడం మానమని ఎవరూ అననక్కర్లేదు, పక్కనే నాలుగు ఒంటి రెక్క మొక్కలు ఉంటే చాలు. ఇంకా మేలైన సంగతి, వంటింటి మొక్కల్ని కొంత వదిలేయడం. కొత్తిమీర మడిలో ఒక వరుస కోయకుండా పూతకు వదిలితే తెల్లని గొడుగుల మీద చిన్న ఈగలూ కందిరీగలూ పొద్దస్తమానం ఉంటాయి. తులసి, సబ్జా, కరివేపాకు, నిమ్మ, గోరింట, మునగ వాడుక మొక్కలే, మేత మొక్కలు కూడా. వేసవి ఎండలోనే రేకులు విప్పే గడ్డి గులాబీకి కావాల్సిన నీళ్లు చాలా తక్కువ. నిమ్మకూ కరివేపాకుకూ ఆకు తినే గొంగళి పట్టిందని మందు కొట్టే ముందు, అది కొన్ని వారాల్లో నలుపు మీద పసుపు చుక్కల సీతాకోక అవుతుందని గుర్తుంచుకుంటే మంచిది. గులాబీ ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి ముక్కలు పోయి ఉంటే అది తెగులు కాదు. ఆకు కోసే తేనెటీగ గూటికి ఆ ముక్కలు తీసుకుపోయింది. కంది పూవును గట్టిగా తొక్కి విప్పే పని ఈ ఈగ బాగా చేస్తుంది.

నీళ్లెక్కడివన్న ప్రశ్న సహజం. తాగడానికే ట్యాంకర్లు తిరిగే ఎండల్లో పూలకు నీళ్లు పోయమనడం అన్యాయంగా వినిపించవచ్చు. అందుకే పూల మడుల కంటే చెట్లనూ పొదలనూ ముందు చెబుతాను. తొలకరిలో నాటి రెండేళ్లు కాపాడితే వేప, కానుగ, మునగ ఆ తర్వాత మన బిందెల మీద ఆధారపడవు. పెరట్లో గిన్నెలు కడిగిన నీళ్లకు సరిపడే మొక్కలే వేసవిలో ఉంచాలి. పూలు ఉంటే తామర పురుగు కూడా వాటిలో చేరి తర్వాత మిరపకు పాకుతుందన్న భయం కూడా నిరాధారం కాదు, ఆ పురుగు చాలా రకాల మొక్కల మీద బతకగలదు. మిరప నారు పోసే చోటికి ఆనుకుని బంతి పెట్టకపోవడం, నారు కాలానికి ముందే ముదిరిన పూలను తీసేయడం దానికి తగిన జాగ్రత్త. ఊళ్లోని వేపచెట్టు మీద ఆ నేరం మోపలేం.

పొలాల్లోనే ఈ కరువును తగ్గించే దారి ఒకటి రాష్ట్రంలో ఇప్పటికే నడుస్తోంది. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వానలకు ముందే, వేసవిలోనే నవధాన్యాలు చల్లిస్తున్నారు. అలసంద, పెసర, జనుము, నువ్వులు, ఆముదం, సజ్జ, బంతి ఇలా ఎన్నో రకాల విత్తనాలకు మట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి పొడి నేలలోనే వేస్తారు. చిన్న జల్లు పడినా మొలుస్తాయి. నేలను బోడిగా వదలకూడదన్నది దాని సూత్రం. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ పురస్కారం దక్కింది. దీన్ని భూసారం కోసం, పశుగ్రాసం కోసం మెచ్చుకునేవారు చాలామంది. నాకు ముఖ్యంగా కనిపించేది జనుము మీద పసుపు పూత, అలసంద మీద ఊదా పూత, వాటి చుట్టూ తిరిగే తుమ్మెదలు. రసాయన మందు కొట్టని చేలో పూసిన పూత కాబట్టి గట్టు మీది పూల విషయంలో ఉన్న అనుమానం ఇక్కడ ఉండదు. అయితే పక్క చేను వాళ్లు కొడితే గాలికి తుంపర ఇటే వస్తుంది. ఒక్క రైతు ఒక్క ఎకరంలో ఈ పని పూర్తి చేయలేడు. ఒకే కాలువ కింద ఉన్న రైతులు పూత కాలంలో మందు సాయంత్రం పొద్దు వాలాకే కొట్టాలని మాట అనుకోవాలి, గట్టుకు కలుపు మందు కొట్టకుండా తంగేడునూ జిల్లేడునూ వదలాలి. మట్టిలో గూడు పెట్టుకునే ఈగల కోసం ఒక మూల లోతుగా దున్నకుండా ఉంచాలి. ఇవి ఖర్చుతో కూడినవి కావు, ఒప్పందంతో కూడినవి.

సాయంత్రం తిరిగి వస్తుంటే ధూళిపాళ్ల దగ్గర కళ్లాల్లో మిరపకాయలను బస్తాలకెత్తుతున్నారు, గుంటూరు యార్డుకు తోలడానికి. రోడ్డు పక్కన ఒక కానుగ నిండా పూసి ఉంది. ఆ చెట్టుకు రెండు వైపులా కనుచూపు మేర దున్నిన రేగడి, అందులో విత్తనం పడటానికి ఇంకా రెండు నెలలు పైనే ఉంది.