గలీబు

సాహిత్య విమర్శలో తొడుగు అనే మాట దాదాపు తిట్టు. కథలో సరుకు లేదు, పైన భాష తొడుగు మాత్రం బాగుంది అంటాం. తొడుగు లాగేస్తే అసలు సంగతి బయటపడుతుందన్న నమ్మకం అందులో ఉంది. ఇంట్లో వాడే తొడుగుల లెక్క వేరే. వాటిని తీసేది ఉతకడానికి. ఒక పాత సోఫాకి తొడుగులు కుట్టాక ఈ తేడా నన్ను పట్టుకుని వదల్లేదు.

అమ్మ వీటిని తొడుగులు అనదు, గలీబులు అంటుంది. ఉర్దూ గిలాఫ్ మన ఇళ్లల్లోకి వచ్చి గలీబు అయింది. మెత్త గలీబు అంటే మా వైపు అందరికీ తెలుసు. అంతకంటే పాత తెలుగు మాట ఇంకోటుంది, గవిసెన. వీణకి వేసేది గవిసెన. అది విలువైన వస్తువును కాపాడుతుంది. గలీబుది అంత గొప్ప ఉద్యోగం కాదు. తలనూనె, చెమట, పిల్లల చొంగ అన్నీ తన మీద వేసుకుని వారానికోసారి బకెట్లోకి పోతుంది.

బాపు సింగరేణిలో, భూపాలపల్లి గనుల్లో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు మేముండేది జనగామలో. పెద్దమ్మకి మానుకోటలో టైలరింగ్ షాపు ఉంది (మహబూబాబాద్ అని మా ఇంట్లో ఎవరూ అనరు). చిన్నప్పుడు ఇవన్నీ ఒక్క వరంగల్ జిల్లానే. 2016 అక్టోబరు 11 నుంచి మూడు వేరు వేరు జిల్లాలు.

బాపుకి పక్షవాతం వచ్చాక ఎడమ వైపు బలం తగ్గింది. మాట బాగానే ఉంది. మూత్రం మీద మాత్రం పట్టు పోయింది. అప్పట్నుంచి ఎవరొచ్చినా వెనక గదిలో మంచం దిగేవాడు కాదు. "నేను పండుకున్న అని చెప్పుండ్రి" అనేవాడు. ముందు గదిలో నవ్వులు వింటూ, ఏమీ పట్టనట్టు గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

అతన్ని ముందు గదికి తెచ్చుకోవాలంటే ముందు ఒక సీటు కావాలి. షోరూముల్లో కొత్త సోఫాలన్నీ కిందికి, మెత్తగా ఉన్నాయి. కూర్చుంటే దిగబడిపోతాం. ఒక వైపు బలం లేని మనిషి అందులోంచి లేవలేడు. సీటు గట్టిగా, కాస్త ఎత్తుగా ఉండాలి, చేతికి ఊతం దొరకాలి. అలాంటిది భూపాలపల్లిలో క్వార్టర్ ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం దగ్గర దొరికింది. టేకు చెక్క, ముగ్గురు కూర్చునేది, ఎర్ర ముఖ్మల్ గుడ్డ. కుషన్లు ఎండలో పెట్టి కర్రతో కొడితే నల్లటి దుమ్ము లేచింది.

అమ్మకి నచ్చలేదు. "ఎవరు కూసున్నరో, ఎవరు సచ్చిండ్రో, ఎట్ల తెలుస్తది బిడ్డా?" అంది. ఇంకొకరు వాడిన వస్తువు మన ఇళ్లల్లో అంత తేలిగ్గా గడప దాటదు. ఈ భయంలో ఎంత శుభ్రత, ఎంత మైల, ఎంత కులం ఉందో విడదీయడం కష్టం.

'ఉతకడానికి వీలైనది' అనే మాటలో ఉతికే మనిషి కనిపించడు. జనగామ జిల్లాలో కూర్చుని ఆ మనిషిని మర్చిపోవడం కుదరదు. పాలకుర్తి ఇక్కడే. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన సాగుభూమిని నిలుపుకున్న ఐలమ్మ 1985లో చనిపోయింది. ఇప్పటికీ ఆమె పేరు ముందు చాకలి అనే మాట ఉంటుంది. పుట్టిన ఇంటి గుడ్డలు, చచ్చిన ఇంటి గుడ్డలు ఊళ్లో ఎవరి చేతుల మీదుగా పోయేవో ఆ మాట గుర్తు చేస్తూనే ఉంటుంది. నాయనమ్మ కాలంలో మా ఇంట్లోనూ ఆ మూట వేరుగా కట్టి బయట పెట్టేవాళ్లట. ఇప్పుడు ఆ మూట అమ్మ చేతికి వచ్చింది. ఇంట్లో వాషింగ్ మిషన్ ఉంది. అయినా తడి లుంగీలు తీసేది, జాడించేది, నానబెట్టేది అమ్మే. అదీ రాత్రి, అందరూ పడుకున్నాక. ఆమెకి మోకాళ్ల నొప్పులు, వేళ్లు పొద్దున పూట ముడుచుకోవు.

అందుకే కొలతలు సోఫాతో పాటు అమ్మ చేతులకి కూడా తీసుకున్నాం. మొత్తానికీ కలిపి ఒకే పెద్ద తొడుగు వేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ తడిస్తే ఆమె ఎత్తలేదు. ఏ కుషన్‌కి ఆ గలీబు, రెండు జతలు అనుకున్నాం. కుషన్ 22 అంగుళాల చదరం, 5 అంగుళాల మందం. కుట్టుకి చుట్టూ అరంగుళం వదిలి పైముక్క, కిందిముక్క 23, పక్కపట్టీ 6. జిప్పు వెనకవైపు మాత్రమే ఉంటే స్పాంజి ఎక్కదు, రెండు పక్కలకీ నాలుగేసి అంగుళాలు తిరగాలి. అంటే 30 అంగుళాల జిప్పు. స్పాంజికి ముందు రెక్సిన్ చుట్టాలి, తడి లోపలికి దిగకుండా.

బట్ట కేస్‌మెంట్ కాటన్. దాన్ని పెద్దమ్మ ముందు బకెట్లో ముంచింది. "తడుపకుండ కుడ్తె మొదటి ఉతుకుడికే గుంజుకపోతది" అంది. జాకెట్ లైనింగుకి చేసే పనే. ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పట్టింది. తిన్నటి కుట్లు నేను వేశాను, మూలలు పెద్దమ్మ తిప్పింది. దళసరి బట్టకి 16 నంబరు సూది, పాలిస్టర్ దారం. చివర్లో జిప్పు లాగే చోట ఒక గుడ్డ ఉంగరం కుట్టింది, వేలు దూరేంత. "మీ అమ్మకు" అని మాత్రం అంది.

అమ్మ మొదట ఉతుకుడు నాకివ్వలేదు. "మొగపిల్లగానివి, గవి నువ్వు పిండుతవా?" రాత్రి ఆమె కంటే ముందే బకెట్ దగ్గరికి వెళ్లడం తప్ప నాకు వేరే వాదన దొరకలేదు. మూడు వారాలకి అడగడం మానేసింది.

పోయిన నెల బాపుతో గనిలో చేసిన ఇద్దరు భూపాలపల్లి నుంచి బస్సులో వచ్చారు. బాపు సోఫాలో ఉన్నాడు. సెకండ్ షిఫ్టు కబుర్ల మధ్యలో నా వైపు చూశాడు. చెక్క మీద చెయ్యానించి లేచాడు, బాత్రూంకి తీసుకెళ్లి లుంగీ మార్చాను. మేము వచ్చేసరికి అమ్మ ఉంగరంలో వేలు పెట్టి జిప్పు లాగి, పాతది తీసి, రెక్సిన్ తుడిచి రెండో గలీబు ఎక్కించేసింది. బాపు తన చోట్లో కూర్చుని, "ఆ, ఏమంటున్నవ్?" అన్నాడు. వాళ్లు బస్సుకి లేచేదాకా ముందు గదిలోనే ఉన్నాడు.