ఫిజిక్స్ పోయింది... ఇంజినీరింగ్ మానేద్దామా?

ఫస్టియర్ రిజల్ట్ వచ్చిన రోజు హాస్టల్లో అందరూ ఫోన్లు పట్టుకుని అరుస్తున్నారు. నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఫిజిక్స్ ఎక్స్‌టర్నల్‌లో 75కి 11. పాసవ్వాలంటే 26 రావాలి. సప్లీ రాస్తే 19 వచ్చాయి.

నిజం చెప్పాలంటే, ఇది ఎప్పుడో రావాల్సిన దెబ్బే. ఎంసెట్‌లో 160 ప్రశ్నల్లో 80 మ్యాథ్సే, నెగెటివ్ మార్కులు లేవు. ఫిజిక్స్ 40 బిట్లలో తెలిసినవాటికి ఫార్ములా వేసి, తెలియనివాటికి ఏదో ఒక ఆప్షన్ పెట్టి సీటు తెచ్చుకున్నాను. ఆ బాకీ ఇప్పుడు వడ్డీతో సహా కట్టాల్సి వచ్చింది.

మానేసి బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరదామని డిసైడైపోయా. ఏడాది పోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మళ్లీ వస్తుందో రాదో తెలీదు. అయినా ఆ పేపర్ ముందు మళ్లీ కూర్చోవడం కంటే అదే నయం అనిపించింది.

నాన్న మిర్యాలగూడలో రైస్‌మిల్లు గుమస్తా. తిడతాడనుకుంటూనే ఫోన్ చేశా.

"ఒక్కటే పోయిందా బిడ్డా, అన్నీ పోయినయా?" అన్నాడు.

ఒక్కటే అన్నా.

"లెక్క కలవకపోతే పుస్తకం చింపేస్తమా? ఏ పేజీల తప్పిందో చూస్తం గదా. చూసినంక కూడా మానాలనిపిస్తే మానెయ్యి. నేనేమనను."

ఆ రాత్రి నోట్స్ తీశా. న్యూటన్స్ రింగ్స్. డెరివేషన్ మొత్తం బట్టీయే. మొదటి లైన్ దగ్గరే ఆగిపోయా. గాలి పొర మందం 'టీ' అయితే, పాత్ డిఫరెన్స్ '2టీ' అని ఉంది. ఆ 2 ఎక్కడిది? మా సీనియర్ అన్న నవ్వి, "కాంతి కిందికి వెళ్లి, మళ్లీ పైకి రావాలి కదరా" అన్నాడు. అంతే! మరి మధ్యలో మందం సున్నా అయినా అక్కడ నల్లచుక్క ఎందుకుంటుంది? గాలిలోంచి వచ్చి కింది గాజుకు తగిలి తిరిగొచ్చే కాంతికి అర తరంగం తేడా వస్తుంది కాబట్టి. ఏడాదంతా రాసిన డెరివేషన్ ఆ రోజు మొదటిసారి అర్థమైంది.

నాకు రానిది ఇంజినీరింగ్ కాదు. ఇంటర్‌లో నేను దాటేసిన తరంగాల చాప్టర్. ఇంటర్ పుస్తకం తెప్పించుకుని మళ్లీ మొదట్నుంచి చదివా. తర్వాతి సప్లీలో 34 వచ్చాయి. గొప్ప మార్కులేం కాదు, కానీ అందులో బట్టీ లేదు.

మా రూమ్మేట్ కూడా అలాగే కూర్చుని చూసుకున్నాడు. వాడికి పోయింది ఒక్క సబ్జెక్ట్ కాదు. కోడింగ్, డ్రాయింగ్, ఏదీ నచ్చలేదు. మానేసి బీకాంలో చేరాడు. ఇప్పుడు హాయిగా ఉన్నాడు. వాడిదీ కరెక్టే.

మీ మెమోలో కూడా ఇలాంటి అంకె ఉంటే, మానడమా ఉండటమా అన్నది రిజల్ట్ వచ్చిన రాత్రే తేల్చకండి. ముందు ఏ పేజీలో తప్పిందో చూడండి.