సర్వరులోని పరిచారకులు

మా ప్రాంతపు బాలబాలికలకు మూడుచింతలపల్లి పేరు క్రొత్తది కాదు. శామీరుపేటకు చేరువనున్న ఆ గ్రామమున 2020 అక్టోబరు 29వ తేదీన ధరణి భూరికార్డుల విధానము ప్రారంభింపబడెను; 2025 ఏప్రిల్ 14వ తేదీన దాని స్థానమున భూభారతి వచ్చెను. సర్వరు కదలుటలేదను మాట మన యిండ్లలో నెల్లరును విన్నదే. దానిలోపల నేమి జరుగునో మా పాఠశాలయందలి చిన్న సర్వరునుబట్టి చెప్పెదము.

డేటాబేసనగా వరుసలును గడులును గల పట్టికల సముదాయము. 1970లో ఎడ్గార్ కాడ్ అను నాతడు దీనికి పద్ధతి నేర్పరచెను. ఒకరు లోనికి ప్రవేశించి వెడలువఱకు సాగునది సెషన్. మేము వాడు పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కొక్క సెషనునకు ఒక్కొక్క ప్రాసెసు, అనగా నొక పరిచారకుడు, నియమింపబడును. ఎవరును పిలువకయే పనిచేయువారు వేఱుగా నుందురు: ఒకడు మార్పుల చిట్టాను డిస్కునకు జేర్చును, ఒకడు పాతబడిన వరుసలను ఊడ్చును.

2024 జూన్ మాసమున ఒక కూలి తండ్రి కుమారుని బదిలీ పత్రమునకై వచ్చెను. "సాయంత్రం మేడ్చల్‌ల రైలున్నది సారూ" అనెను. బాలుని వరుసను చదువ వీలాయెను గాని దానిపై వ్రాయ వీలుగాలేదు. మాలో నొకరు జాబితాలోని తెలియని పేరులను జూచి వానినెల్ల చంపుదమనిరి. (ఆ మాట యీ వృత్తివారిదే, మాకు రుచింపదు.) మేము వలదంటిమి. పిలువక పనిచేయువారిలో నొకనిని బలవంతముగా గూల్చినచో సర్వరు అందఱి సెషనులను త్రెంచి, చిట్టా చూచుకొని మరల లేచును. పదవ తరగతి వివరములు నింపుచున్న నలుగురి సగము పని పోయియుండెడిది.

పీజీ స్టాట్ యాక్టివిటీ అను జాబితాలో ఎవడు ఏ తెగవాడో, ఏ స్థితిలో నున్నాడో కానవచ్చును. 'యాక్టివ్' పనిలో నున్నవాడు. 'ఐడిల్' ఊరక కూర్చున్నవాడు. వానివలన బాధ తక్కువ. 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అనువాడు మొదలిడిన పని ముగింపక, వరుసను చేతబట్టుకొని మిన్నకుండును. తంటాలలో నెక్కువభాగము వీనివలననే యని మా తలంపు. ఆ దినమున ఫీజుల బల్లనుండి ఆ బాలుని బాకీ సవరింప మొదలిడిన సెషనొకటి నలువది నిమిషములుగా అట్లే యుండెను. బల్లయొద్ద ఎవరును లేరు. ఫ్యాను మాత్రము తిరుగుచుండెను.

ఆ యొక్కదానినే ముగించితిమి. సగము సవరణ రద్దై బాకీ పూర్వపు అంకెకు వచ్చెను. దానిని మరల వ్రాయవలసివచ్చెను. పత్రము అచ్చయ్యెను. తండ్రి దానిని కుమారుని చేతికిచ్చి, పేరు చదివించుకొని, స్టేషను దారి పట్టెను.