మర్రి చెట్టు ఉందా?

చెన్నైలో రాత్రి విమానమెక్కితే నాలుగు గంటల్లో కౌలాలంపూర్. దిగగానే వాచీ రెండున్నర గంటలు ముందుకి తిప్పుకోవాలి. 2005లో నాన్న ఆ పని నాచేత చేయించారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

అక్కణ్నుంచి బస్సులో తెలుక్ ఇంతాన్. ఊరి మధ్యలో 1885లో కట్టిన గడియార స్తంభం ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. బయటికి ఎనిమిది అంతస్తుల్లా కనిపిస్తుంది, లోపల మూడే! ఇంకా ముందుకెళ్తే పెరాక్ నది సముద్రంలో కలిసే వైపు బాగన్ దాతుక్. దారంతా కొబ్బరి తోటలే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టినవాణ్ని, నాకది విదేశంలా ఎలా అనిపిస్తుంది? పొరపాటున సోంపేట బస్సెక్కామేమో అనుకున్నా.

బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆ తోటల్లో పనికి మనవైపు నుంచి చాలామంది వెళ్లారు. మా ముత్తాత కూడా వాళ్లలో ఒకరు. యుద్ధం అయ్యాక తాతయ్యని తీసుకుని తిరిగొచ్చేశారు. తాతయ్య అక్కకి అప్పటికే పెళ్లయిపోవడంతో ఆవిడ అక్కడే ఉండిపోయింది. మేం మామ్మ అనేవాళ్లం.

మామ్మ ఊరు వదిలింది అయిదేళ్ల వయసులో. అయినా మాట మాత్రం అచ్చంగా మా ఊరిదే, మధ్యలో నాలుగు మలయ్ ముక్కలు. ‘పాసార్ కెళ్లి సేపలు తెత్తాను, ఉండరా’ అనేది. పాసార్ అంటే బజారు. వెళ్లిన ప్రతిసారీ ఒకటే అడిగేది: ‘సెరువు గట్టు మీద మర్రి సెట్టు ఉందా?’

ఉంది మామ్మా.

నాలుగు సెలవులు అక్కడ గడిపాను. ఇప్పటికీ హైదరాబాద్‌లో వానపడితే గుర్తొచ్చేది ఉద్దానం కాదు, ఆ ఇంటి రేకుల మీద సాయంత్రం వాన. రెండు పాస్‌పోర్టులకి అటు వాళ్లూ ఒప్పుకోరు, ఇటు మనమూ ఒప్పుకోం. ఈ వాన సంగతి ఏ కాలమ్‌లో రాయాలి?

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లని పడుకోబెట్టేసింది. మర్రి కూడా వేళ్లతో సహా లేచిపోయింది. నెల తర్వాత మామ్మ వీడియో కాల్‌లో మళ్లీ అడిగింది. ‘ఉంది మామ్మా’ అనేశాను. ఎనభై ఏడేళ్ల మనిషికి ఇంకేం చెప్పను? మూడేళ్లకి ఆవిడ పోయింది. కరోనా రోజులు, ఎవరం వెళ్లలేకపోయాం.

పోయినేడాది వెళ్లాను. తోటలో చాలా భాగం పామాయిల్ వేసేశారు. మామ్మ మనవడు, నాకు బావ, కారు నడుపుతూ ‘సంక్రాంతికి పిల్లల్ని తీసుకొస్తా, ఆ మర్రి చెట్టు చూపించాలి’ అన్నాడు. ఇక దాచలేక చెప్పేశాను.

బావ నవ్వాడు. ‘నువ్వు అబద్ధం చెప్పావని మామ్మకి అప్పుడే తెలుసు. నీ మొహం చూసి పోల్చేసింది. ఎవరికీ అనొద్దంది.’

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

‘పోనీ, చెరువైనా ఉందా?’

‘ఉంది బావా. ఈసారి నిజంగానే.’