'శివ'లో చైన్ సీన్ తర్వాత

మా హాస్టల్‌లో 'శివ' చూడనివాళ్ళక్కూడా చైన్ సీన్ తెలుసు. నాదీ అదే బ్యాచ్. రీల్స్‌లో, మీమ్స్‌లో ఆ సైకిల్ చైన్‌ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సినిమా మాత్రం మొన్న సెమ్ పరీక్షలు అయ్యాక, రూమ్మేట్ లాప్‌టాప్‌లో మొదటిసారి చూశాను.

1989 సినిమా. రామ్‌గోపాల్ వర్మకి అదే మొదటిది. ఆయనా విజయవాడలో ఇంజనీరింగే చదివారు (సివిల్ లెండి, అయినా మనవాడే). అందుకేనేమో కాలేజీ నిజం కాలేజీలాగే ఉంది. క్యాంటీన్, సైకిల్ స్టాండు, ఊరికే గోడల మీద కూర్చునే బ్యాచ్.

చైన్ సీన్ రానే వచ్చింది. గూస్‌బంప్స్ వచ్చాయి, అబద్ధం చెప్పను. కానీ అదంతా ఇంత త్వరగా అయిపోతుందనుకోలేదు. సినిమా ఇంకా బోలెడు మిగిలే ఉంది. రీల్స్ ఎక్కడ ఆగిపోతాయో కథ అక్కడ మొదలవుతుంది.

శివ కొట్టింది జేడీని. జేడీ వెనక భవానీ, భవానీ వెనక మాచిరాజు అనే రాజకీయ నాయకుడు. మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే లింక్డ్ లిస్ట్. ఒక నోడ్‌ని ముట్టుకుంటే తర్వాతి దాని అడ్రస్ దొరుకుతుంది. భవానీగా రఘువరన్‌ని చూస్తుంటే నాకు నిజంగా భయమేసింది. అరవడు. ఇప్పటి విలన్ల ఎంట్రీకి స్పీకర్లు పగిలిపోతాయి, ఈయన మామూలుగా మాట్లాడుతూనే మనుషుల్ని చంపిస్తాడు.

ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నాను, ఇన్నేళ్ళ సినిమాకి స్పాయిలర్ అలర్ట్ అడక్కండి. శివ తన అన్న కూతురు కీర్తిని సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని వెళ్తుంటే వెనక కారులో రౌడీలు తరుముతారు. ఆ సీన్‌లో నేను శివని చూడలేకపోయాను. నా కళ్ళన్నీ ఆ పాప మీదే. తను ఎవర్నీ కొట్టలేదు, ఏ ఎలక్షన్‌లోనూ నిలబడలేదు. అప్పటికి తప్పించుకుంటుంది. చివర్లో భవానీ చంపేది తననే. అంతకుముందే స్నేహితుడు మల్లి పోయాడు. శివ మాత్రం బతికే ఉంటాడు.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. 1989లో ఆయన డిగ్రీ సెకండ్ ఇయర్, అంటే సరిగ్గా నా వయసు. 'శివ' అనగానే ఎప్పుడూ ఒకటే కథ చెప్తారు: మూడుసార్లు చూశామని, ఆ నెలంతా కాలేజీ స్టాండులో ఏ సైకిల్‌కీ చైన్ మిగల్లేదని. ఈసారి నేను కీర్తి గురించి ఎత్తాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"మా క్లాసులో ఒకడుండేవాడ్రా. ఎలక్షన్ గొడవలకీ వాడికీ ఏ సంబంధం లేదు. లైబ్రరీలో పుస్తకం ఇచ్చేసి బయటికొస్తున్నాడు, రాయొచ్చి కంటికి తగిలింది. మళ్ళీ కాలేజీకి రాలేదు."

"ఎవరు విసిరారు?"

"ఎవరికి తెలుసు? రెండు వైపులా మావాళ్ళే."

"నువ్వెటు వైపు నాన్నా?"

"అన్నం తిన్నావా?" అన్నారు.

తిన్నానన్నాను. ఇంకేం అడగలేదు. ఆ కుర్రాడి పేరు కూడా ఆయన చెప్పలేదు.

తర్వాత ఛేజ్ సీన్ ఒక్కటీ మళ్ళీ పెట్టుకుని చూశాను, ఇయర్‌ఫోన్స్‌తో. ఇళయరాజా సంగీతం గురించి అందరూ చెప్తారు. సంగీతం లేనిచోట వినిపించే చప్పుళ్ళ గురించి నాకెవరూ చెప్పలేదు.

వచ్చే నెల సెమినార్ హాల్లో మన క్లబ్ తరఫున 'శివ' వేద్దామని మాట్లాడుకుంటున్నాం. చైన్ సీన్‌కి ఈలలు గ్యారంటీ. నేనూ వేస్తాను, ఆపుకోవడం కష్టం. ఆ సైకిల్ ఛేజ్ దగ్గర మాత్రం స్పీకర్ సౌండ్ పెంచమని ముందే చెప్పిపెట్టాలి.